సీడీ ముప్పై, చెయ్యి మూడొందలు

నా అల్మారాలో ఒక పాత బిల్లు పుస్తకం ఉంది. కార్బన్ కాగితం పెట్టి రాసే రకం. 2001లో గడ్డిఅన్నారంలో ఒక జిరాక్సు షాపు పైన మేడగదిలో నేను పని మొదలుపెట్టినప్పటిది. మొదటి బిల్లు చైతన్యపురిలో ఒక నెట్ సెంటరుకు. రెండే పద్దులు. సీడీలు రెండు, 30 రూపాయలు. ఇన్‌స్టలేషన్, 300 రూపాయలు. నోట్లు లెక్కపెట్టి ఇస్తూ ఆ ఓనరు అన్న మాట నాకింకా గుర్తే: "సాఫ్ట్‌వేర్ ఫ్రీ అంటివి గద తమ్మీ, మరి ఈ మూడొందలేంది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూనే ఇన్నేళ్లూ బతికాను. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పెట్టివ్వడం, చెడిపోతే వెళ్లి బాగుచేయడం, నేర్చుకుంటామన్న పిల్లలకు నేర్పడం నా వృత్తి. ఎవరికి వాళ్లు ఊరికే తెచ్చుకుని వాడుకోగల వస్తువు మీద ఒక మనిషి ఇల్లు ఎట్లా గడుస్తుంది? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మధ్య రోడ్డు మీద తిరిగినవాడిగా నాకు తెలిసిన చరిత్ర చెబుతాను.

మాది మిర్యాలగూడ. మా జిల్లావాళ్లకు హైదరాబాద్ అంటే మొదట ఎల్బీనగర్. సాగర్ రోడ్డు మీద వచ్చినా, విజయవాడ హైవే మీద వచ్చినా ఆ రింగురోడ్డు దగ్గర కలవాల్సిందే. అక్కడినుంచి బస్సు కొత్తపేట పండ్ల మార్కెట్ దాటుతుంటే, ఎండాకాలంలో మామిడికాయలూ వరిగడ్డీ కలిసిన వాసన కిటికీలోంచి కొట్టేది. తర్వాత చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. 1999లో డిగ్రీ అయిపోయి, ఒక సూట్‌కేసుతో నేను దిగింది అక్కడే.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌లో గోడ ఉంటే పోస్టరు ఉండేది. జావా, ఒరాకిల్, విజువల్ బేసిక్. ప్రతి పోస్టరు కిందా ఒకటే మాట: డెమో క్లాసు ఫ్రీ. అంచేత ఫ్రీ అన్నది మా వీధికి కొత్త మాటేం కాదు. మూడు రోజులు ఊరికే వినొచ్చు, నాలుగో రోజు ఫీజు కట్టాలి. ఇక సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పక్కర్లేదు. లక్షల ఖరీదు చేసే ప్యాకేజీ అయినా దొంగ కాపీ సీడీ ముప్పైకో నలభైకో దొరికేది. దాంతో నాకు వచ్చిన చిక్కు ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. విదేశాల్లో లినక్స్‌ను చవక అని చెప్పి అమ్మొచ్చు. మా దగ్గర దొంగ సాఫ్ట్‌వేరూ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరూ ఒకే ధర. రెండిటికీ ఖాళీ సీడీ ఖర్చే. ధర చూపించి ఎవరినీ ఒప్పించలేను. మరి ఏం చూపించాలి?

చూపించాల్సింది ఏమిటో నాకు ఆ నెట్ సెంటరే నేర్పింది. దాంట్లో ఎనిమిది సిస్టాలు, ఒకటే కనెక్షను. ఆ కనెక్షనును అన్నిటికీ పంచడానికి దొంగ కాపీ ప్రాక్సీ ఒకటి పెట్టుకుని నడిపేవాళ్లు. గంటకోసారి హ్యాంగ్. మూలన పడి ఉన్న పాత పెంటియం డబ్బాకు రెండు నెట్‌వర్కు కార్డులు పెట్టి, లినక్స్ వేసి, దాని మీద స్క్విడ్ ఎక్కించాను. ఒకసారి తెచ్చిన పేజీని, బొమ్మను తన దగ్గర దాచుకుని, రెండోవాడు అడిగితే మళ్లీ బయటికి పోకుండా ఇవ్వడం స్క్విడ్ పని. తర్వాతి వేసవిలో ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు మెట్ల మీదినుంచి రోడ్డు దాకా లైను. హాల్‌టికెట్ నంబరు టైపు చేయించుకుని ఐదు రూపాయలిచ్చి పోతున్నారు. అందరూ తెరిచేది అదే సైటు. పైన ఉండే బ్యానర్లూ బొమ్మలూ మా పాత డబ్బాలోంచే వస్తున్నాయి, బయటినుంచి రావాల్సింది నాలుగు మార్కుల అంకెలే. పొద్దున పదకొండునుంచి రాత్రి తొమ్మిది దాకా సిస్టం ఒక్కసారి ఆగలేదు. ఓనరు నాకు ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు తెప్పించాడు. మూడొందల ప్రశ్న మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆయన మూడొందలు పెట్టి కొన్నది ఆ రోజును. ఆగితే నేను మెట్లెక్కి వస్తానన్న భరోసాను.

ఈ వ్యాపారం అమెరికాలో మొదలైందీ ఇట్లాంటి బిల్లుతోనే అని తర్వాత చదివి తెలుసుకున్నాను. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ప్రకటించి, 1984 జనవరిలో ఎంఐటీ ఉద్యోగం మానేశాడు. ఈమాక్స్ అనే తన ఎడిటరును నెట్‌వర్కు ఉన్నవాళ్లు ఊరికే తీసుకోవచ్చు. అప్పట్లో నెట్‌వర్కు ఎందరికుంది? లేనివాళ్లకు టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు పంపేవాడు. నా ముప్పై రూపాయల పద్దుకు పెద్దన్న ఆ టేపు.

మూడొందల పద్దుకూ ఒక పెద్దన్న ఉన్నాడు. 1989లో జాన్ గిల్మోర్, మైకేల్ టీమన్, డేవిడ్ హెంకెల్-వాలెస్ కలిసి కాలిఫోర్నియాలో సిగ్నస్ అనే కంపెనీ పెట్టారు. చిప్పులు చేసే కంపెనీలకు జీసీసీ అనే గ్నూ కంపైలరు తమ చిప్పు మీద పనిచేయాలి. ఆ పని చేసిపెట్టినందుకు సిగ్నస్ డబ్బు తీసుకునేది. చేసిన పని మాత్రం జీసీసీలో కలిసి ఊరందరిదీ అయ్యేది. 1999లో ఆ కంపెనీని లినక్స్ అమ్మే రెడ్ హ్యాట్ కొనేసింది. రెడ్ హ్యాట్ కూడా మొదట్లో అట్టపెట్టెలో సీడీలు పెట్టి అమ్మింది. 2003లో ఆ పెట్టెల అమ్మకం మానేసి, ఏడాదికింత అని చందా కట్టించుకునే పద్ధతికి మారింది. 2012లో ముగిసిన ఆర్థిక సంవత్సరానికి దాని రాబడి వంద కోట్ల డాలర్లు దాటింది. 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

ఊరికే దొరికేదాని మీద పనికి డబ్బు తీసుకోవడం మన వాళ్లకు విడ్డూరం అనిపించకూడదు. రామాయణం ఎవరి సొత్తూ కాదు. హరికథ చెప్పిన దాసుగారికి మాత్రం సంభావన ఇచ్చి పంపుతాం. కథ ఫ్రీయే కదా, సంభావన ఎందుకని ఏ ఊళ్లోనూ అడగరు. సంభావన తీసుకున్నందుకు కథ ఆయనది అయిపోదు కూడా. పక్క ఊరి దాసుగారు అదే కథ చెప్పుకోవచ్చు.

అమ్ముకోవడం తప్పు కాదు సరే, అమ్మేవాడికి కట్టుబాట్లున్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. సరూర్‌నగర్‌నుంచి ఒక లెక్చరరు గారు వచ్చి సీడీలు తీసుకుని, "సోర్స్ సీడీ ఏది?" అన్నారు. "అదెందుకు సార్, ఎవరూ అడగరు" అన్నాను. ఆయన నా సిస్టం మీదే, నేను వేసిన లినక్స్‌లోనే ఉన్న జీపీఎల్ లైసెన్సు తెరిచి చూపించారు. కాపీ చేసి ఇచ్చే పనికి రుసుము తీసుకోవచ్చని అందులోనే రాసి ఉంది. అయితే ప్రోగ్రాముతో పాటు దాని సోర్సూ ఇవ్వాలి. లేదంటే కనీసం మూడేళ్లపాటు ఎవరడిగినా కాపీ ఖర్చుకే ఇస్తానని రాతపూర్వకంగా ఇవ్వాలి. నేను రోజూ పెట్టిచ్చే వస్తువు లైసెన్సును ఒక్కసారి కూడా చదవలేదు. ఆ సాయంత్రమే కొత్తపేటలో రబ్బరు స్టాంపు చేయించాను: "సోర్స్ కావలసినవారు మూడేళ్లలోపు అడగవచ్చు." ప్రతి బిల్లు వెనకా కొట్టేవాణ్ని. ఆ మూడేళ్లలో అడిగినవాళ్లు ఇద్దరే. స్టాంపు ఇంకా ఉంది, ప్యాడు ఎండిపోయింది.

ఇంకో కట్టుబాటు పేరుది. ప్రోగ్రాము అందరిదే, పేరు అందరిదీ కాదు. రెడ్ హ్యాట్ సీడీని అప్పట్లో కాపీ చేసి పంచొచ్చు గానీ, ఆ పేరుతో అమ్మకూడదు. అందుకే అమెరికాలో ఒక షాపువాళ్లు అదే సీడీకి పింక్ టై అని పేరు పెట్టి అమ్మారు. ఎర్ర టోపీకి బదులు గులాబీ టై. నేను స్కెచ్‌పెన్‌తో "లినక్స్" అని మాత్రం రాసి ఊరుకునేవాణ్ని.

హైదరాబాదులోనే పుట్టి, ఈ దారిలో నడిచిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేరు న్యూజెన్‌లిబ్. లైబ్రరీల పనికోసం చేసింది. పుస్తకాల క్యాటలాగు, ఇవ్వడం, తీసుకోవడం, కొనుగోళ్లు, పత్రికల లెక్క అన్నీ అందులోనే. తయారుచేసింది ఇక్కడి వెరస్ సొల్యూషన్స్. గ్రంథాలయ శాస్త్రం తెలిసిన బుర్ర కేశవన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అండ్ నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌ది. పటాన్‌చెరు ఇక్రిశాట్ గ్రంథాలయంలో పనిచేసిన ఎల్.జె. హరవు అప్పట్లో ఆ సంస్థలో ముఖ్యులు. న్యూజెన్‌లిబ్ మొదటి వెర్షను 2005లో వచ్చింది. 2008 జనవరి 9న దాన్ని జీపీఎల్ కింద ఓపెన్ సోర్స్‌గా ప్రకటించారు. ఆ రోజుతో లైసెన్సు అమ్మకం పోయింది. మిగిలినవి ఇన్‌స్టలేషన్, పాత డేటా ఎక్కించడం, శిక్షణ, మెయింటెనెన్స్. అంటే ఒక కంపెనీ తన బిల్లులోంచి మొదటి పద్దు కొట్టేసి రెండో పద్దు మీద బతుకుతానని తెగించింది. నాలాంటివాడికి అది పెద్ద ధైర్యం.

హయత్‌నగర్ దాటాక హైవే పక్కన అప్పట్లో ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా లేచాయి. ఇన్‌స్పెక్షన్‌కు కమిటీ వస్తుందంటే లైబ్రరీ కంప్యూటరీకరణ అయిందని చూపించాలి. అట్లాంటి ఒక కాలేజీకి న్యూజెన్‌లిబ్ పెట్టడానికి వెళ్లాను. ఇంగ్లిష్ పుస్తకాల జాబితా ఎక్సెల్‌లోంచి సాఫీగా ఎక్కింది. ఛైర్మన్‌గారు విరాళంగా ఇచ్చిన తెలుగు పుస్తకాలు నాలుగొందల దాకా ఉన్నాయి. వాటి పేర్లు తెర మీదికి రాగానే లైబ్రేరియన్ మేడం నోరెళ్లబెట్టింది. ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లిష్ అక్షరాలు. డీటీపీ ఫాంటులో టైపు చేయించిన జాబితా అది. ఆ పద్ధతిలో సిస్టం దృష్టిలో ఉండేది ఇంగ్లిష్ అక్షరమే. ఫాంటు దానికి తెలుగు చొక్కా తొడుగుతుంది. చొక్కా తీస్తే లోపల తెలుగు లేదు.

న్యూజెన్‌లిబ్‌కు తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్ వచ్చు. మనవాళ్లు అందరికీ ఊరికే ఇచ్చిన పోతన 2000 ఫాంటు ఉంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు చేసిన ఫాంటు అది. ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి వారం రోజులు మళ్లీ మొదటినుంచి టైపు చేయించాను. ఎనిమిదో రోజు మేడం సెర్చ్ పెట్టెలో "కథలు" అని కొట్టింది. వరసగా తెలుగు పేర్లు దిగాయి. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. బ్యాలెన్సు అడగడానికి వెళితే ఆఫీసులో అదే పాత పాట: "ఫ్రీ సాఫ్ట్‌వేరుకు మళ్లా బ్యాలెన్సేంది?" ఆరు నెలలు తిరిగాను. సగం డబ్బు ఇప్పటికీ రాలేదు. టైపు చేసిన పిల్లలకు నా చేతినుంచి ఇచ్చాను.

తప్పు వాళ్లదొక్కటే కాదని తర్వాత అనిపించింది. "ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెడతాను సార్" అని నోటితో చెప్పి పని ఒప్పుకున్నాను. పనిని పనిగా కాగితం మీద పెట్టలేదు. ఇంగ్లిషులో ఫ్రీ అనే ఆ ఒక్క ముక్కకే రెండర్థాలు. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో ఇక్కడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టి, తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చినవాళ్లు తమ సంస్థకు "స్వేచ్ఛ" అనే పేరు పెట్టుకున్నారు. వాళ్లకు తెలిసిన సంగతి నాకు సగం బిల్లు పోయాక తెలిసింది. అప్పటినుంచి నా కొటేషన్‌లో మొదటి పద్దు ఇట్లా ఉంటుంది: సాఫ్ట్‌వేర్, 0 రూపాయలు, మీ ఇష్టమొచ్చినన్ని కాపీలు చేసుకోవచ్చు. దాని కింద డేటా మార్పిడి ఇంత, శిక్షణ ఇన్ని రోజులకు ఇంత, ఏఎంసీ, అంటే మెయింటెనెన్స్, ఏడాదికి ఇంత. సున్నాను దాచకుండా రాసిన రోజునుంచి గొడవలు తగ్గాయి.

ఉచితంగా ఇస్తూనే ఖర్చు రాబట్టుకునే దారులు ఇంకా ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ కంపెనీ ఒకే ప్రోగ్రామును రెండు లైసెన్సుల కింద ఇచ్చేది. జీపీఎల్ కట్టుబాటుకు ఒప్పుకుంటే ఊరికే, ఒప్పుకోకపోతే డబ్బు కట్టి వేరే లైసెన్సు. 2008లో సన్ దాన్ని వంద కోట్ల డాలర్లకు కొన్నది. మన తెలుగు ఫాంట్లది ఇంకో దారి. సిలికాన్ ఆంధ్ర, పురుషోత్ కుమార్ గుత్తుల కలిసి రామభద్ర, మండలి, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వదిలారు. ఫాంటును విడిగా అమ్మకూడదు. దాంతో చేసిన పెళ్లికార్డును ఎంతకైనా అమ్ముకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ చేసే మా తమ్ముడి వరసవాడు ఒకడు రామభద్రతో బోర్డులూ కార్డులూ చేసి పిల్లల ఫీజులు కడుతున్నాడు. ఫాంటుకు ఒక్క రూపాయి ఇచ్చింది లేదు. ఇవ్వమని అడిగినవాడూ లేడు.

ఇక మా వీధి అసలు సంపాదన నేర్పడంలో ఉంది. పీహెచ్‌పీ, లినక్స్ అడ్మిన్, సెలీనియం, హడూప్, డెవాప్స్. గత ఇరవై ఏళ్లలో దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట గోడల మీద పడ్డ కోర్సుల పేర్లు చూడండి, సగానికి సగం ఎవరో ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్లే. ఫీజు తీసుకుని నేర్పడం న్యాయమే. హాస్టల్ గదిలో ముగ్గురితో పడుకుని, జిరాక్సు నోట్సు చదివి, ఉద్యోగం తెచ్చుకుని ఊళ్లో చెల్లెలి పెళ్లి చేసిన పిల్లల్ని వందల మందిని చూశాను. కానీ తీసుకున్నంత మేం తిరిగి ఇవ్వలేదు. ఒక బగ్ గురించి రాసిపంపడం, ఒక పేజీ తెలుగు చేయడం, ఒక వంద రూపాయలు పంపడం మా బ్యాచుల్లో ఏనాడూ పాఠం కాలేదు. నా బ్యాచుల్లో కూడా.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. బ్యాంకు సైట్లకూ షాపింగ్ సైట్లకూ తాళంకప్పలాంటి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లోపం. రెండు రాత్రులు నా కస్టమర్ల సర్వర్లన్నీ ఒక్కొక్కటీ అప్‌డేట్ చేశాను, బిల్లులు రాశాను. అప్పుడే చదివాను, ప్రపంచమంతా వాడే ఆ ప్రోగ్రామును చూసుకునేవాళ్లకు ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు రెండు వేల డాలర్లేనని. అంటే అప్పటి లెక్కన లక్షా ఇరవై వేల రూపాయలు. ఆ ఏడాది మెయింటెనెన్స్ మీద గడ్డిఅన్నారం మేడగదిలో కూర్చున్న నాకు వచ్చిందే అంతకంటే ఎక్కువ. తాళం చేసినవాడికి లేదు, తాళం బిగించిన నాకు ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ నెలనుంచి నా బిల్లులో ఇంకో పద్దు వచ్చింది. "మూలానికి, నూటికి రెండు." ఆ డబ్బు ఏడాదికోసారి నేను వాడే ప్రాజెక్టుల్లో ఏదో ఒకదానికి పంపుతాను. కొందరు దాన్ని కొట్టేసి మిగతాది ఇస్తారు, నేనేం అనను. ఎల్బీనగర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపు అన్న "ఇదేం జీఎస్టీనా?" అని అడిగాడు. "కాదన్నా, వినాయకుడి చందా. మండపం ముందు దండం అందరూ పెడతారు, చందా కొందరే ఇస్తారు. ఎవరూ ఇవ్వకుంటే వచ్చే ఏడాది మండపం ఉండదు" అన్నాను. నవ్వి, యాభై ఎక్కువ ఇచ్చాడు.

మండపం ఉండకపోవడమంటే ఏమిటో 2020 డిసెంబరులో చూశాం. రెడ్ హ్యాట్ సోర్సునుంచి తయారై ఊరికే దొరికే సెంటాస్‌నే నా కస్టమర్లలో ఎక్కువమంది వాడేవాళ్లు. 2029 దాకా ఉంటుందనుకున్న ఎనిమిదో వెర్షను 2021 చివరికే ఆగిపోతుందని ప్రకటన వచ్చింది. లైసెన్సు ప్రోగ్రామును మనకు వదిలిపెట్టింది గానీ, రేపూ చాకిరీ చేస్తామని ఎవరి దగ్గరా మాట తీసుకోలేదు. అయితే తాళంచెవి ఒక్కరి దగ్గరే లేదు గనక, నెలల్లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ లేచి నిలబడ్డాయి. వాటికి మార్చే పనితో నాకు ఒక ఏడాది గడిచింది. స్వేచ్ఛ నాకు తిండి పెట్టిన సందర్భాల్లో అది ఒకటి.

ఇప్పుడు పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది. నెట్ సెంటర్లు పోయాయి. 2018 సెప్టెంబరు 24నుంచి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఒకే మెట్రో లైను మీదున్నాయి. కరోనా తర్వాత సగం బ్యాచులు ఆన్‌లైన్‌కు వెళ్లాయి. నా బిల్లు కూడా ఫోనుకు పీడీఎఫ్‌గా పోతుంది. సీడీ పద్దు ఎప్పుడో పోయింది. ఎదురుగా సున్నాతో సాఫ్ట్‌వేర్ పద్దు, దాని కింద పని పద్దు, చివర మూలం పద్దు, ఈ మూడూ ఉన్నాయి.

మీ షాపులో, కాలేజీలో, ఆఫీసులో ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి తప్పకుండా నడుస్తూ ఉంటుంది. ఈసారి దాన్ని పెట్టిన పిల్లవాడు బిల్లు తెస్తే, సున్నాను చూసి పని పద్దును కొట్టేయకండి. మూడో పద్దు లేకపోతే, అదేదని మీరే అడగండి.